చైర్మన్ గారి ఆయ్

మా బడి వార్షికోత్సవానికి నివేదిక రాసే పని ప్రతి ఏడూ నా మెడకే చుట్టుకుంటుంది. హెడ్మాస్టర్ని కాబట్టి తప్పదు. ఏడాదిలో బడిలో ఏం జరిగింది, పిల్లలు ఏం సాధించారు అన్నది రెండు పేజీల్లో తేల్చేయాలి. అంతకు మించితే మైకూ, నేనూ, ఖాళీ కుర్చీలూ మిగులుతాం. ఈసారి రాయడానికి సరుకు బాగానే ఉంది. మండలం ఆటల పోటీల్లో మా ఐదో తరగతి అమ్మాయి పరుగు పందెంలో రెండో స్థానం తెచ్చుకుంది. పెరట్లో వేసిన తోటకూర, గోంగూర మధ్యాహ్న భోజనంలో పప్పుకి సరిపోతున్నాయి. మూడో తరగతి పిల్లలు తెలుగు వాచకం తడుముకోకుండా చదువుతున్నారు. ఒకటో తరగతిలో చేరినవాళ్ళు పోయినేటి కన్నా ఎక్కువే. గోదావరి మధ్య లంకలో ఉన్న బడికి ఇవి చిన్న విషయాలేమీ కావు.

నివేదికతో పాటు వేదిక వెనకాల కట్టడానికి ఒక ఫ్లెక్సీ కూడా ఉండాలి. ఈ ఏడాది ఫొటోలు ఏరి, రాజోలులో ఫ్లెక్సీలు వేసే కుర్రాడికి ఫోన్లో పంపాను. సాయంత్రం అతనే ఫోన్ చేశాడు.

"మేడంగారండీ, ఫొటోలు వచ్చేయండి. కానండీ, అన్నిట్లోనూ చివరాఖర్న ఓ పెద్దావిడున్నారండి. నోరు తెరుచుకుని ఉన్నారండి. ఆవిణ్ణి కట్ చేసెయ్యమంటారాండీ?"

"వద్దు నాయనా, ఉంచు."

"పోనీ నోరు మూసుకున్న ఫొటో ఒక్కటైనా పంపండి, అది పెడతాను."

"లేదు" అన్నాను.

ఉండదు కూడా. అతను ఫోన్ పెట్టేశాక నా ఫోన్లో ఉన్న ఫొటోలన్నీ వెనక్కి తిప్పి చూశాను. జెండా పండుగనాడు, మొక్కలు నాటిననాడు, పిల్లలకి బూట్లు పంచిననాడు, తల్లిదండ్రుల సమావేశంలో, ఆఖరికి కొత్త కుళాయి బిగించిన రోజున తీసిన ఫొటోలో కూడా ఆవిడ ఉన్నారు. పొట్టి మనిషి. ముక్కుకి రెండు వైపులా పుడకలు. చెంగు భుజం చుట్టూ తిప్పి బొడ్లో దోపి ఉంటుంది. ఫొటో తీసేవాళ్ళు "అందరూ ఇటు చూడండి" అంటారు కదా, ఆవిడ దానికి "ఆయ్" అంటారు. సరిగ్గా అప్పుడే నొక్కుతారు.

ఆవిడ పోయి ఇంకా నెల తిరగలేదు.

మా బడి తల్లిదండ్రుల కమిటీకి ఆవిడ చైర్మన్. ఊళ్ళో చిన్నా పెద్దా అందరూ చైర్మన్ గారనే అనేవాళ్ళు, నేనూ అంతే. మనవరాలు మా బడిలో చదువుతోంది. పిల్ల తల్లి కువైట్‌లో ఇళ్ళల్లో పని చేస్తుంది, తండ్రి సంగతి ఎవరూ ఎత్తరు. అందుకని పిల్లకి అమ్మా నాన్నా అన్నీ ఈవిడే. వాళ్ళది వేటకెళ్ళే కుటుంబం. ముసలాయన పోయాక ఈవిడ తెల్లారుతూనే చేపల గంపతో రెండు వీధులు తిరిగి, స్నానం చేసి, తడి జుట్టుతో ప్రార్థన వేళకి బడికి వచ్చేసేవారు. ఐదో తరగతి వరస వెనక నిలబడేవారు. ప్రతిజ్ఞ చెప్పేటప్పుడు పిల్లలతో పాటు తనూ చెయ్యి చాచేవారు. ప్రతిజ్ఞ పూర్తిగా రాదు. అందరూ ఒక్కో వాక్యం ముగించి ఊపిరి తీసుకునే చోట ఈవిడ "ఆయ్" అనేవారు.

చైర్మన్ ఎలా అయ్యారో కూడా చెప్పాలి. కమిటీ ఎన్నిక రోజున లంకలో ఒక పెద్ద చెరువులో రొయ్యలు పట్టే పని పెట్టుకున్నారు. సగం ఊరు అక్కడే ఉంది. వచ్చిన నలుగురూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటున్నారు. మనవరాలు మర్చిపోయిన కంచం ఇచ్చిపోదామని అప్పుడే ఈవిడ లోపలికి వచ్చారు. "చైర్మన్‌గా మీరుంటారాండీ?" అని అడిగాను. "ఆయ్" అన్నారు. నేను చప్పట్లు కొట్టేశాను. విన్నానని అన్నారో, ఉంటానని అన్నారో ఆ రోజు తరచి అడగలేదు. ఆవిడా మళ్ళీ ఎత్తలేదు. మర్నాటి నుంచి మంచి చీర కట్టుకుని రావడం మొదలుపెట్టారు.

గోదావరి జిల్లాల బయట ఉన్నవాళ్ళకి ఈ ఆయ్ సంగతి కాస్త విప్పి చెప్పక తప్పదు. మా వైపు పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే ఊరకే కూర్చుని వినడం మర్యాద కాదు. మాట మాటకీ మధ్యలో ఆయ్ అంటూ ఉండాలి. అంటే మీరు చెప్పేది చెవికి చేరుతోంది, కానివ్వండి అని. ఔనన్నప్పుడూ ఆయే, పిలిస్తే పలకడమూ ఆయే. దేనికి అన్నారో మొహం చూసి, గొంతు చూసి తెలుసుకోవాలి. మాకు చిన్నప్పటి నుంచీ అలవాటు కాబట్టి ఎప్పుడూ తేడా రాదు. చైర్మన్ గారి ఆయ్ అయితే మరీ తేట. పొట్టిగా, తుంచినట్టు అంటే విన్నారని. సాగదీసి, తల పక్కకి వాల్చి అంటే ఒప్పుకున్నారని.

కాదు అనే మాట మాత్రం ఆవిడ నోట నేను ఎప్పుడూ వినలేదు. భోజనం పిల్లలకి పెట్టేముందు కమిటీ వాళ్ళు రుచి చూడాలి. ఆ పని ఈవిడ ఎంతో నిష్ఠగా చేసేవారు. గరిటెడు పప్పు అరచేతిలో వేయించుకుని, నాకి, కళ్ళు మూసుకుని కాసేపు ఆలోచించేవారు. బాగుంటే "ఆయ్" అనేవారు. ఉప్పు తక్కువైతే, "రేపు ఇంకా బాగుంటదండి" అనేవారు. వంటామె గబగబా ఉప్పు డబ్బా తీసేది. వర్షం వచ్చేలా ఉంటే పిల్లల్ని ఆటలకి వదలొద్దని చెప్పాలి, దానికి "ఎండ చూసి ఆడుకుంటే బాగుంటారండి పిల్లలగారు" అనేవారు. అవును, పిల్లలగారే. ఒకటో తరగతిలో ముక్కు కారుతున్న పిల్లాడు కూడా ఆవిడకి బాబుగారే.

వేదిక మీద కూర్చోవడమంటే ఆవిడకి మహా ఇష్టం. ఒక ఏడాది వార్షికోత్సవంలో శాలువా కప్పాం. ఏప్రిల్ ఎండల్లో దాన్ని కప్పుకునే చేపలమ్మారని ఊరంతా నవ్వుకుంది. నేనూ నవ్వాను. ఆవిడ మాత్రం "ఉక్కగా లేదాండీ?" అని అడిగినవాళ్ళకల్లా పొట్టి ఆయ్ ఒకటి పడేసి ముందుకి సాగిపోయేవారు.

ఇంత కులాసాగా సాగే ఆయ్ ఒకసారి ఆవిడ పీక మీదకి తెచ్చింది. మూడేళ్ళ కిందటి మాట. మనవరాలు అప్పుడు రెండో తరగతి. చిన్న బడుల్లో మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని దగ్గర్లో ఉన్న హైస్కూల్లో కలుపుతారని మాట పుట్టింది. మాకు దగ్గర్లో ఉన్న హైస్కూలు అవతలి ఒడ్డున ఉంది. మధ్యలో గోదావరి పాయ. అంటే ఎనిమిదేళ్ళ పిల్లలు పొద్దున్నా సాయంత్రం పడవ దాటాలి. కమిటీ అభిప్రాయం తెలుసుకోవడానికి ఒక అధికారి వస్తారని కబురొచ్చింది.

ఆయన అనంతపురం వైపు మనిషి, మా జిల్లాకి వచ్చి ఎన్నాళ్ళో కాలేదు. మర్యాదస్తుడు. ఆ రోజు మా రెండో టీచరు సెలవు పెట్టడంతో ఐదు తరగతులూ నా మీద పడ్డాయి. ఆయన్ని వరండాలో కూర్చోబెట్టి, కమిటీ వాళ్ళని ఎదురుగా కూర్చోబెట్టి, నేను లోపలికి పోయాను. లెక్కలు చెబుతూనే ఉన్నాను, కిటికీలోంచి ఆయన గొంతూ, దాని వెంటే చైర్మన్ గారి ఆయ్ వినపడుతూనే ఉన్నాయి. హైస్కూల్లో ఒక్కో సబ్జెక్టుకి ఒక్కో టీచరుంటారని ఆయన అన్నారు. ఆయ్. పెద్ద గ్రౌండు ఉంటుందన్నారు. ఆయ్. ఇక్కడ ఒకటి, రెండు తరగతులు మాత్రం ఉంటాయన్నారు. ఆయ్. అన్నీ పొట్టివే. నేను నిశ్చింతగా ఎక్కాలు చెప్పించుకున్నాను.

బయటికొచ్చేసరికి ఆయన కొబ్బరి బొండం తాగుతున్నారు. చైర్మన్ గారు ఎదురుగా చేతులు కట్టుకుని, ఏదో చెప్పబోతున్నట్టు నిలబడి ఉన్నారు. ఆయన తాగడం ముగించి, చేతిరుమాలుతో మూతి తుడుచుకుని, "మీ ఊరోళ్ళు చాలా మంచోళ్ళు మేడమ్. ఒక్కరు కూడా అడ్డం చెప్పలేదు" అని మెచ్చుకుని రేవు వైపు నడిచారు.

"ఏమన్నారండీ?" అని చైర్మన్ గారిని అడిగాను.

"పై మూడు తరగతులూ ఆ ఒడ్డుకి తీసుకెళ్ళిపోతారంటండి."

"మరి మీరేమన్నారు?"

"ఇంకా ఏమీ అనలేదండి" అన్నారావిడ. "మళ్ళీ వస్తారు కదండీ. అప్పుడు చెబుదామండి."

ఆయన మళ్ళీ రాలేదు. వారం తిరక్కుండా నా ఫోన్‌కి సందేశం వచ్చింది. కమిటీ సమ్మతి తెలిపినందున వచ్చే జూన్ నుంచి మా మూడు తరగతులు అవతలి ఒడ్డు హైస్కూల్లో కలుస్తాయి. చదివిన విషయం దాచలేను కదా, ప్రార్థన అయ్యాక ఆవిడకి చెప్పాను. ఆవిడ "ఆయ్" అనబోయి మధ్యలో ఆగిపోయారు. ఆ సగం ఆయ్ నాకు ఇంకా గుర్తుంది.

రేవులో జనం ఊరుకుంటారా? వలలు బాగు చేసుకుంటున్నవాళ్ళు ఆవిడ గంప ఎత్తుకుని వెళుతుంటే పనులు ఆపి మరీ అడిగారు.

"ఏమే అత్తా, ఒప్పేసుకున్నావంట కదా?"

"లేదురా బాబూ. ఆయ్ అన్నానంతే."

"అడిగినోళ్ళకల్లా ఆయ్ అంటే ఎలాగే? రేపు మా పిల్లలు పడవల్లో తిరగాలంటే నువ్వు తోడెళ్తావా?"

చైర్మన్ అన్న హోదా ఒక్క పూటలో ఊడిపోయింది. గారు కూడా పోయింది. ఆవిడ దగ్గర చేపలు కొనే ఇళ్ళవాళ్ళు కూడా మొహం చిట్లించి బేరమాడారట. తర్వాత కొన్నాళ్ళు ఆవిడ ప్రార్థనకి రాలేదు. ఐదో తరగతి వరస వెనక ఖాళీగా ఉంటే నాకు ఏదో బాగుండేది కాదు. ఆవిడంటే నాకు అంత ఇష్టమని అప్పుడే తెలిసింది.

మనవరాల్ని పిలిచి అడిగాను. "మీ అమ్మమ్మ ఎలా ఉందే?"

"అమ్మమ్మ ఆయ్ అనట్లేదండి టీచర్ గారండీ. నేను పిలిచినా పలకట్లేదండి. ఆకలేస్తుందా అమ్మమ్మా అంటే ఊ అంటుందండి."

ఊ అనడం మా వైపు పెద్దవాళ్ళ పనే కానీ, ఆవిడ నోట ఊ అంటే విషయం ముదిరిందనే లెక్క. సాయంత్రం వాళ్ళింటికి వెళదామనుకున్నాను. ఆ అవసరం లేకుండా మర్నాడు పొద్దున్నే ఆవిడే బడికి వచ్చారు. శాలువా కప్పుకుని ఉన్నారు.

"మేడంగారండీ, అమలాపురం వెళదామండి. ఆ బాబుగారి ఆఫీసుకి."

"వెళదాం. ఏం చెప్తారక్కడ?"

"అదే తెలీట్లేదండి."

శనివారం మధ్యాహ్నం బడి వదిలాక బయల్దేరాం. బళ్ళని కూడా దాటించే పంటు పడవ మీద నా స్కూటీతో పాటు ఆవిడా ఎక్కారు. దాటుతున్నంతసేపూ నేను అధికారి వేషం కట్టాను. "ఏమ్మా, మీ కమిటీకి సమ్మతమే కదా?" అని అడిగేదాన్ని. ఆవిడ "ఆయ్" అనేసి, చప్పున నోటి మీద చెయ్యి వేసుకునేవారు. మళ్ళీ అడిగేదాన్ని. మళ్ళీ అదే. పంటు తోలేవాడు పడీ పడీ నవ్వాడు. "కాదండి అనండి, అంతే" అని నేను విసుక్కున్నాను. "ఎదటి మనిషి మొహం మీద అలా ఎలా అంటామండీ" అని ఆవిడ నామీద విసుక్కున్నారు. ఆవిడ విసుక్కోవడం చూడటం నాకదే మొదలు.

చివరికి ఒక ఉపాయం ఆవిడే ఆలోచించారు. దగ్గొస్తే పెట్టుకునే కరక్కాయ ముక్క ఒకటి చెంగు ముడిలోంచి తీసి బుగ్గన పెట్టుకున్నారు. అది నోట్లో ఉండగా ఆయ్ అనడం కష్టమని ఆవిడ లెక్క.

ఆయన మమ్మల్ని చూసి లేచి నమస్కారం పెట్టారు, కుర్చీలు చూపించారు. వచ్చిన పని నేను చెప్పాను. ఆయనకి నిజంగానే అర్థం కాలేదు.

"మీరే ఒప్పుకున్నారు కదమ్మా. నేను ఒక్కొక్కటీ విడమర్చి చెప్పినాను. ప్రతిదానికీ సరే అన్నారు."

చైర్మన్ గారు మాట్లాడలేదు. ఆయన వైపే చూస్తున్నారు. ఆయన మళ్ళీ మొదటి నుంచి అందుకున్నారు. సబ్జెక్టుకో టీచరన్నారు. ఈవిడ పలకలేదు. పెద్ద గ్రౌండన్నారు. పలకలేదు. గోదావరి జిల్లాకి వచ్చిన నాటి నుంచీ ఆయనకి ఎదురుగా ఎవరో ఒకరు ఆయ్ ఆయ్ అంటూ ఉండటం అలవాటైపోయినట్టుంది. అది లేకపోయేసరికి మాట తడబడింది. చెప్పిందే మళ్ళీ చెప్పారు. గ్లాసులో నీళ్ళు తాగారు. నా వైపు చూశారు. మళ్ళీ ఆవిడ వైపు చూశారు.

"ఏమ్మా, వినపడుతోందా?"

"వినపడుతోందండి" అన్నారు చైర్మన్ గారు. కరక్కాయ ఒక బుగ్గలోంచి ఇంకో బుగ్గలోకి మార్చుకున్నారు. "ఆయ్ అంటే అదేనండి. వినపడుతోందనండి. ఒప్పేసుకున్నామని రాసేసుకున్నారంటండి. అందుకని ఇయ్యాళ అనట్లేదండి."

ఆయన నా వైపు తిరిగారు. "నిజమా మేడమ్?" అని నన్నడిగారు. నిజమేనని, మా వైపు అంతేనని చెప్పాను.

"మరి చివర్లో సమ్మతమేనా అని అడిగినాను కదమ్మా. దానికీ ఆయ్ అనే అన్నారు."

"మీరడిగింది వినపడిందని అన్నానండి. తర్వాత చెబుదామనుకున్నానండి."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"ఈలోగా మీకు బొండం ఇచ్చేరండి. తాగుతున్నారు కదండీ."

ఆయన మళ్ళీ నా వైపు చూశారు. తింటున్నవాళ్ళకీ తాగుతున్నవాళ్ళకీ అడ్డం మాట చెప్పకూడదని మావాళ్ళ పట్టింపు అని నేను వివరించాల్సి వచ్చింది.

"సరే, తాగేసినాక?"

"బయల్దేరిపోయేరండి. బయల్దేరినవాళ్ళకి ఎదురొచ్చి కాదంటే పని చెడుద్దండి. మీ పని చెడితే మాకు బాగుంటదాండీ?"

ఆయన నవ్వేశారు. అయితే ఆ నవ్వుతో వదిలిపెట్టలేదు. కలం తీసి బల్ల మీద పెట్టుకుని, "ఇప్పుడు నేను తినడం లేదు, తాగడం లేదు, ఎక్కడికీ బయల్దేరడం లేదు. చెప్పండమ్మా. మీకు సమ్మతమా, కాదా?" అన్నారు.

అదీ అసలు ఘడియ. పిల్ల జూన్ నుంచి పడవెక్కాలా, బడిలోనే ఉండాలా అన్నది ఆవిడ నోట్లోంచి రావాల్సిన ఆ ఒక్క మాట మీద ఉంది. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. నేను చెప్పేయొచ్చు. కానీ సమ్మతి ఇచ్చింది కమిటీ, కాదనాల్సిందీ కమిటీయే. ఆవిడ చెంగు కొస వేలికి చుట్టుకుంటున్నారు. గుటక వేశారు. కరక్కాయ కూడా గుటకలో పోయినట్టుంది, ఒకసారి పొలమారింది. నేను నీళ్ళ గ్లాసు ముందుకి జరిపాను. అది తాగలేదు. తాగితే మళ్ళీ మాట వాయిదా పడుతుందని అనుకున్నారేమో.

"కాదండి" అన్నారు.

అన్న వెంటనే రెండు చేతులూ జోడించి, "ఏమనుకోకండి బాబుగారూ" అన్నారు.

తర్వాత మాత్రం ఆవిణ్ణి ఆపడం మా ఇద్దరి వల్లా కాలేదు. వరదొస్తే పడవ కట్టేస్తారని, అలాంటప్పుడు ఆ ఒడ్డున పిల్లలు చిక్కుకుంటే ఎవరింట్లో పడుకుంటారని అడిగారు. ఆయన, టీచర్లు రోజూ దాటి వస్తున్నారు కదా అన్నారు. "మేడంగారు పెద్దావిడండి. ఆవిడ వచ్చేదాకా నేను రేవులో కూచోక్కర్లేదండి. మా పిల్ల పొద్దున్న పడవెక్కితే సాయంత్రం దిగేదాకా నేను ఆ రేవులోనే కూచుంటానండి. నాకు తెలుసండి నా సంగతి. మరి ఇంట్లో వంటెవరు చేస్తారండీ? చేపలెవరు అమ్ముతారండీ?" అన్నారు. ఆయన బల్ల మీది కలం అందుకున్నారు. నేను పదిసార్లు రాసుకుని వెళ్ళినా ఆ మాట నాకు తట్టేది కాదు.

ఆయన పాతది కొట్టేసి కొత్తగా రాసుకున్నారు. ఆ తర్వాత స్వయంగా వచ్చి, రేవులో నిలబడి, పడవ రాకపోకలు చూసి వెళ్ళారు. ఈసారి బొండం ఇస్తే, "మీ చైర్మన్ గారు ఏమైనా చెప్పేది ఉంటే ముందు చెప్పేయమనండి, తర్వాత తాగుతా" అన్నారు. జూన్ వచ్చింది. మా మూడు తరగతులు మా బడిలోనే ఉండిపోయాయి. ఆవిడ మాట వల్లే ఉన్నాయా, పైన ఇంకేమైనా మార్పులొచ్చాయా అంటే నేను ఒట్టేసి చెప్పలేను. ఆవిడ మాత్రం చెప్పగలిగేవారు. రేవులో ఆ కథ వినిపించినప్పుడల్లా ఆవిడ గొంతు పెరుగుతూ పోయింది. మొదట్లో "మెల్లిగా కాదండి అన్నాను" అన్నారు. దసరా నాటికి బల్ల గుద్ది చెప్పారు. ఆ ఏడు చివరికి అధికారిగారు కుర్చీలోంచి లేచి నిలబడిపోయారు. నేను పక్కనే ఉన్నా దిద్దలేదు. వలలు బాగు చేసుకునేవాళ్ళు మళ్ళీ చైర్మన్ గారండీ అంటున్నారు, అది చాలు.

ఒక్క మార్పు మాత్రం నిజంగా వచ్చింది. ఆయ్ అనడానికి ముందు ఆవిడ ఒక్క క్షణం ఆలోచించేవారు. విన్నానని చెప్పడానికి అయితే, "ఆయ్, విన్నానండి, అంతేనండి" అని తోక తగిలించేవారు. ఇష్టం లేనిదానికి అసలు అనేవారే కాదు. నోరు కట్టేసుకుని మొహంలోకి చూస్తూ ఉండేవారు. ఒకరోజు పప్పు రుచి చూసి, వంటామెతో "ఉప్పు లేదండి" అనేశారు. వంటామె అలిగి, ఆవిడతో కొన్నాళ్ళు మాట్లాడలేదు. "రేపు బాగుంటదనొచ్చు కదండీ, అలా మొహం మీద అంటారా?" అని నా దగ్గర ఏడ్చింది. నేనేం చెప్పను?

మొన్న సంక్రాంతి సెలవుల తర్వాత బడి తెరిచేసరికి ఆవిడ మంచాన పడ్డారు. కడుపులో ఏదో అన్నారు. అమలాపురంలో చూపించారు, కొన్నాళ్ళు ఉంచారు, తర్వాత ఇంటికి తీసుకెళ్ళమన్నారు. కూతురు కువైట్ నుంచి సెలవు మీద వచ్చింది. ఇంటికి తీసుకెళ్ళమన్నారంటే ఏమిటో అందరికీ తెలుసు. పెద్దావిడకి మాత్రం నీరసం తగ్గడానికని చెప్పారు. నాకూ అలాగే చెప్పమని కూతురు గుమ్మంలోనే చేతులు పట్టుకుంది.

బడి అయ్యాక వెళ్ళాను. అరుగు మీద నులకమంచం వేసి, రేవు కనపడేలా పడుకోబెట్టారు. చిక్కిపోయారు. ముక్కుపుడకలు మాత్రం పెద్దవిగా కనిపిస్తున్నాయి. శాలువా కాళ్ళ మీద కప్పి ఉంది. నన్ను చూసి లేవబోతే వద్దని పక్కన కూర్చున్నాను. రోగం సంగతి ఎత్తలేను. అందుకని బడి సంగతులు చెప్పడం మొదలుపెట్టాను.

"తోటకూర మళ్ళీ వేశామండి. ఈసారి బాగా వచ్చింది."

"ఆయ్."

"మూడో తరగతి వాళ్ళు వాచకం గడగడా చదివేస్తున్నారు."

"ఆయ్."

"కొత్త కుళాయి దగ్గర పిల్లలు నీళ్ళు పారబోస్తున్నారు. మీరుంటే ఊరుకుంటారా?"

"ఆయ్" అన్నారు, నవ్వారు.

"మీ మనవరాలు మండలంలో పరుగు పందెంలో సెకండొచ్చింది. ఫస్టొచ్చిన పిల్ల దీనికన్నా జానెడు పొడుగు. లేకపోతే మనదే."

ఈసారి ఆయ్ పొడుగ్గా వచ్చింది. తల పక్కకి వాల్చి, కళ్ళు మూసుకుని, నా ఇన్నేళ్ళలో నేను విన్న వాటన్నిటికన్నా పొడుగ్గా అన్నారు. మనవరాలు గుమ్మంలో నిలబడి సిగ్గుపడింది.

నాకు ధైర్యం వచ్చింది. ఆవిడ బాగానే ఉన్నారనిపించింది. అలా అనిపించాలని నాకూ ఉంది కదా. "వచ్చే నెల వార్షికోత్సవం పెట్టుకుంటున్నామండి" అన్నాను. "వేదిక మీద ముందు వరసలో మీ కుర్చీ ఉంటుంది. ఈలోగా నీరసం తగ్గిపోతుంది. మీరు వచ్చి కూర్చోవాలి, మనవరాలికి కప్పు మీ చేతుల మీదుగానే ఇప్పిస్తాను."

ఆవిడ నా మొహంలోకి చూశారు. ఏమీ అనలేదు.

రేవులో పంటు వచ్చి ఆగింది. జనం దిగుతున్నారు. నేను కాస్త ముందుకి వంగి, గొంతు పెంచి, మళ్ళీ చెప్పాను. వార్షికోత్సవం, ముందు వరస, మీ కుర్చీ. ఆవిడ చూపు తిప్పలేదు. నోరు మూసే ఉంది.

"వినపడిందాండీ, చైర్మన్ గారూ?"

"వినపడిందండి" అన్నారు.